స్నేహం కోసం రైలు వదులుకున్నది ఎవరు?

1958లో వచ్చిన 'ది డిఫయంట్ వన్స్' సినిమా చివర్లో ఒక గూడ్సు బండి ఉంది. అమెరికా దక్షిణాదిలో ఖైదీల వ్యాను ప్రమాదానికి గురైతే, ఇద్దరు తప్పించుకుంటారు. ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు. ఇద్దరి మణికట్లకూ కలిపి ఒకటే గొలుసు. ఆ గొలుసుతోనే తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఒకణ్ణొకడు ఈడ్చుకుంటూ వాగులూ బురదగుంటలూ దాటతారు. గొలుసు తెగాక కూడా కలిసే ఉంటారు. చివరికి పోలీసు కుక్కలు దగ్గరపడుతుండగా కదులుతున్న బండి వెంట పరిగెడతారు. సిడ్నీ పోయిటియర్ వేసిన నల్ల ఖైదీ కల్లెన్ ఎక్కేస్తాడు. అప్పటికే గాయంతో ఉన్న టోనీ కర్టిస్ పాత్ర ఎక్కలేకపోతుంది. కల్లెన్ చేయి అందిస్తాడు. బండి వేగం అందుకుంటుంది. ఆ చేయి వదిలేస్తే కల్లెన్ బతికిపోతాడు. వదలడు. ఇద్దరూ కిందపడతారు. షెరీఫ్ వచ్చేసరికి స్నేహితుణ్ణి ఒళ్లో పట్టుకుని పాట పాడుతుంటాడు.

రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఈ సీను గురించి 1976లో రాశాడు. న్యూయార్క్‌లో తెల్ల ఉదారవాదులు ఎక్కువగా కూర్చున్న హాల్లో ఆ ఘట్టానికి చప్పట్లు పడ్డాయట. అదే నగరంలో నల్లవాళ్లుండే హార్లెంలో జనం మండిపడ్డారు. ఒరే పిచ్చోడా, మళ్లీ రైలెక్కు అని తెరమీది మనిషిని కేకలేశారు.

ఒకటే సీను, ఒకటే నగరం. ఒక హాల్లో కళ్లు తుడుచుకున్నారు, ఇంకో హాల్లో తల పట్టుకున్నారు. జాతివివక్ష మీద, రెండు జాతుల మనుషుల స్నేహం మీద హాలీవుడ్ తీసిన డ్రామాల్లో చాలావాటిని ఈ రెండు హాళ్లలోనూ కూర్చుని చూడాల్సిందే. ఒక్క హాల్లో కూర్చుంటే సగం సినిమానే కనిపిస్తుంది. రెండోదాంట్లో కూర్చున్నప్పుడు నాకు తట్టే ప్రశ్న చాలా మామూలుది, కాస్త నేలబారుది కూడా: ఈ స్నేహానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

అలాగని ఆ సినిమాను కొట్టిపారేయలేం. అప్పటికి అమెరికా దక్షిణాదిలో చాలాచోట్ల నల్లవాడూ తెల్లవాడూ పక్కపక్క సీట్లలో కూర్చుని సినిమా చూసే వీల్లేదు. అలాంటి రోజుల్లో ఇద్దరినీ ఒకే గొలుసుకు కట్టి, ఇద్దరినీ సమానమైన హీరోలుగా చూపించడం చిన్న సంగతి కాదు. పోస్టరు మీద తన పేరుతోపాటు పోయిటియర్ పేరు కూడా సినిమా పేరుకు పైన ఉండాలని టోనీ కర్టిస్ అడిగి వేయించాడు. ఆ ఏడాది ఉత్తమ నటుడి ఆస్కార్‌కు ఇద్దరూ నామినేట్ అయ్యారు. తెరమీద నల్లవాడు రైలు వదులుకున్నాడు, తెర వెనక తెల్లవాడు తన పోస్టరులో చోటు పంచుకున్నాడు. ఈ రెండో స్నేహం మీద ఎవరూ సినిమా తియ్యలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1934 నాటి 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' ఉంది. భర్త పోయిన ఒక తెల్లావిడ, ఆమె ఇంట్లో పనికి చేరిన నల్లావిడ డెలైలా. చెరో ఆడపిల్ల. డెలైలా చేసే అట్ల రుచి చూసి తెల్లావిడ దానిమీదే వ్యాపారం పెడుతుంది. పిండి పొట్లాలు కట్టి అమ్మి లక్షలు గడిస్తుంది. పొట్లం మీద డెలైలా నవ్వు మొహమే ట్రేడ్‌మార్కు. నీకు లాభంలో 20 శాతం ఇస్తాను, సొంత ఇల్లు కట్టుకోవచ్చు అని తెల్లావిడ అంటే డెలైలా కంగారుపడిపోతుంది. నాకు ఇల్లెందుకమ్మా, మీతోనే ఉంటాను అంటుంది. వంట ఆమెది, మొహం ఆమెది, వాటా మాత్రం ఇరవై. అది కూడా ఆమె నోటితోనే వద్దనిపించారు.

ఆ సినిమాలో మాటల్లేని చిన్న దృశ్యం ఒకటుంది. రాత్రి కబుర్లయ్యాక ఇద్దరూ పడుకోవడానికి బయల్దేరతారు. మెట్ల దగ్గర తెల్లావిడ పైకెక్కుతుంది, డెలైలా కిందికి దిగుతుంది. ఒకే ఫ్రేములో ఒకరు మేడమీదికి, ఒకరు సెల్లారులోకి. దర్శకుడు జాన్ స్టాల్ అది కావాలనే పెట్టాడో, సెట్టు అలా కుదిరిందో గానీ, వాళ్ల స్నేహం గురించి డైలాగులన్నీ కలిసి చెప్పలేనిది ఆ మెట్లు చెప్పేశాయి.

సమానులుగా చూపించకపోవడం ఒక్క దర్శకుడి అభిరుచి అనుకుంటే పొరపాటు. దాని వెనక రాతకోతల్లో ఉన్న నిబంధనలున్నాయి. 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన హేస్ కోడ్, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య శారీరక సంబంధాన్ని తెరమీద నిషేధించింది. స్నేహాన్ని ఆ కోడ్ నిషేధించలేదు. ఆ పని ఊళ్లలోని సెన్సారు బోర్డులు చేశాయి. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ బోర్డు 1947లో 'కర్లీ' అనే పిల్లల హాస్య సినిమాను ఆపేసింది. అందులో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే బడిలో చదువుతూ, కలిసి ఆడుకుంటూ కనిపించారు. పిల్లల మధ్య కూడా అలాంటి సమానత్వాన్ని దక్షిణాది ఒప్పుకోదని బోర్డు కారణం రాసి మరీ పంపింది. లీనా హోర్న్ లాంటి నల్లజాతి గాయని పాటలను కథకు సంబంధం లేకుండా విడిగా చిత్రీకరించేవారు. దక్షిణాది హాళ్లలో కత్తెర వేసినా కథ తెగకూడదని ముందుజాగ్రత్త. మరి ఏ అడ్డంకీ లేకుండా అన్ని ఊళ్లలోనూ ఆడే స్నేహం ఏది? యజమానురాలికీ పనిమనిషికీ మధ్య ఉండేది. అందుకే అంతమంది డెలైలాలు పుట్టారు.

అలాంటి పనిమనిషి పాత్రకే హాటీ మెక్‌డేనియల్ 1940లో ఆస్కార్ అందుకుంది. ఆస్కార్ గెలుచుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. అవార్డు సభ జరిగిన హోటల్లోకి నల్లవాళ్లను రానిచ్చేవారు కాదు. నిర్మాత ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. మిగతా నటీనటుల బల్ల దగ్గర కాకుండా గోడవారన వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

1967 దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆ ఏడాది వచ్చిన పోయిటియర్ సినిమాల్లో రెండున్నాయి, రెండూ రెండు దారులు. 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్'లో తెల్లమ్మాయి తనకు కాబోయే భర్తను అమ్మానాన్నలకు పరిచయం చేస్తుంది. అతను నల్లవాడు. కానీ ఎలాంటి నల్లవాడు? పేరుమోసిన డాక్టరు, దేశదేశాల్లో వైద్యసేవ చేసినవాడు, పెళ్లికి ముందు అమ్మాయి మీద చెయ్యి వెయ్యనంత మర్యాదస్తుడు, పైగా మీరు వద్దంటే పెళ్లే మానేస్తానని అమ్మాయి తల్లిదండ్రులతో విడిగా చెప్పేంత త్యాగమూర్తి. చర్మం రంగు తప్ప ఇంకే అభ్యంతరమూ మిగలకూడదని అలా రాశారట. లెక్క ప్రకారం అది సబబే. కానీ ఆ లెక్కలోనే ఒక షరతు దాక్కుంది. తెల్లింట్లో భోజనానికి కూర్చోవాలంటే నల్లవాడు నోబెల్ బహుమతికి దరిదాపుల్లో ఉండాలి. ఓ మామూలు గుమాస్తా, కాస్త కోపిష్ఠి, అప్పుడప్పుడూ అబద్ధమాడేవాడు వచ్చుంటే ఆ తలుపు తెరుచుకునేదా?

ఈ సినిమా షూటింగు నాటికి పదహారు, పదిహేడు రాష్ట్రాల్లో అలాంటి పెళ్లి నేరం. సినిమాలో ఆ అబ్బాయి తండ్రి ఆ మాట అంటాడు కూడా. షూటింగు అయిపోయాక, విడుదలకు ఆరు నెలల ముందు, 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ కేసులో ఆ చట్టాలన్నిటినీ కొట్టేసింది. సినిమా హాళ్లకొచ్చేసరికి ఆ డైలాగుకు కాలం చెల్లింది. సాహసం అనుకుని తీసిన సినిమా కన్నా కోర్టు ముందుంది.

రెండోది 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్'. మిసిసిపీలోని చిన్న ఊళ్లో హత్య, దాన్ని ఛేదించడానికి ఆగిపోయిన ఫిలడెల్ఫియా పోలీసు అధికారి టిబ్స్, అతన్ని చూస్తేనే గిట్టని స్థానిక పోలీసు చీఫ్. ఊరి పెద్ద ఎండికాట్‌ను అతని పూలమొక్కల గాజుగదిలో ప్రశ్నిస్తుంటే ఆయనకు రోషం వచ్చి టిబ్స్ చెంప మీద కొడతాడు. అరక్షణం ఆగడు, టిబ్స్ తిరిగి కొడతాడు. అప్పటిదాకా హాలీవుడ్‌లో నల్లవాడికి చెంపదెబ్బకు జవాబు మౌనమే, లేదా మెలోడ్రామా. ఇక్కడ జవాబు ఇంకో చెంపదెబ్బ. ఎండికాట్ చీఫ్ వైపు తిరిగి, చూశావా, ఏం చేస్తావ్ అని అడుగుతాడు. ఏం చెయ్యాలో నాకూ తెలీదు అంటాడు చీఫ్. నా లెక్కలో ఆ సినిమాలో స్నేహం మొదలైంది ఆ జవాబుతోనే. చీఫ్ టిబ్స్ పక్షాన నిలబడలేదు. అవతలి పక్షాన నిలబడటం మాత్రం మానేశాడు, అంతే. చివర్లో స్టేషన్లో సూట్‌కేసు అందించి, జాగ్రత్తగా వెళ్లు అని ఒక్క మాటంటాడు. అందులో కౌగిలింతలు లేవు, కన్నీళ్లు లేవు. ఇక్కడ కూడా రైలుంది, ఈసారి నల్లవాడు రైలెక్కి వెళ్లిపోతాడు.

ఆ సినిమాను మిసిసిపీలో కాకుండా ఎక్కువగా ఇల్లినాయిలో తీశారు. దక్షిణాదికి రావడానికి పోయిటియర్ మొదట ఒప్పుకోలేదు. 1964లో నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమానికి డబ్బు అందించడానికి గాయకుడు హ్యారీ బెలఫాంటేతో కలిసి మిసిసిపీ వెళ్లినప్పుడు నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్ మనుషులు వాళ్ల కారును వెంటాడారు. ఆ భయం కల్పితం కాదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. వివక్ష రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి మనిషి నోట్లో ఉంటుంది: తిట్టు, వెటకారం, చెంపదెబ్బ. రెండోది కాగితం మీద ఉంటుంది. ఏ వీధిలో ఇంటికి బ్యాంకు అప్పు ఇవ్వాలి, ఏ బడికి ఎంత నిధులు, ఎవరు జ్యూరీలో కూర్చోవచ్చు, ఎవరు ఓటు వెయ్యాలంటే ఏ పరీక్ష పాసవ్వాలి. 1930లలో అమెరికా ప్రభుత్వ సంస్థలు నగరాల మ్యాపులు గీయించి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు పూశాయి. ఎర్రరంగు అంటే అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం అని. ఆ ఎర్రరంగు పూసిన గుమాస్తా ఎవర్నీ తిట్టి ఉండకపోవచ్చు. ఇంట్లో మంచి నాన్నే అయి ఉండొచ్చు.

డ్రామాకు మొదటి రకం వివక్ష ముద్దు. దానికి మొహం ఉంటుంది, క్లోజప్ పెట్టొచ్చు. రెండు గంటల్లో ఆ మొహం మారడం చూపించొచ్చు, మనసు కరిగితే కథ సుఖాంతం. మ్యాపుకు క్లోజప్ పెట్టి ఏం చేస్తాం? మ్యాపు పశ్చాత్తాపపడదు. అందుకే సినిమా తనకు తెలియకుండానే ఒక సూత్రాన్ని నమ్మిస్తుంది: వివక్ష అనేది మనసులో ఉన్న జబ్బు, స్నేహం దానికి మందు. మనుషులు మారడం అబద్ధం కాదు, స్నేహాల వల్లే మారతారు. కానీ మందు వేసుకున్నది తెల్లవాడు, మందుగా అరిగిపోయింది నల్లవాడు. బయట మ్యాపు అలాగే ఉంది.

రెండో రకాన్ని తెరకెక్కించలేమని కాదు. లొరైన్ హాన్స్‌బెరీ నాటకం ఆధారంగా 1961లో వచ్చిన 'ఎ రైజిన్ ఇన్ ద సన్' ఆ పని చేసింది. షికాగోలో ఒక నల్ల కుటుంబం తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కుంటుంది. సామాన్లు సర్దుకుంటుంటే ఆ పేట సంఘం తరఫున లిండ్నర్ అనే పెద్దమనిషి వస్తాడు. గొంతు పెంచడు, ఒక్క చెడ్డమాట అనడు. అన్ని జాతులూ ఒకరినొకరు అర్థం చేసుకోవాలంటాడు, కూర్చుని మాట్లాడుకుంటే సమస్యలు తీరతాయంటాడు. వినేవాళ్లకు కాసేపు ముచ్చటేస్తుంది కూడా. చివరికి బయటపడేదేమిటంటే, మీరు మా పేటకు రాకుండా ఉంటే, ఆ ఇంటికి మీరు పెట్టినదానికన్నా ఎక్కువ సొమ్మిచ్చి మేమే కొనుక్కుంటాం. స్నేహం భాష అంతా ఆయన దగ్గరే ఉంది. రాక్షసుణ్ణి చూస్తే భయమేస్తుందేమో, లిండ్నర్‌ను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. హాన్స్‌బెరీకి ఆయన్ను ఊహించుకోవాల్సిన పనిలేదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల కుటుంబం తెల్లపేటలో ఇల్లు కొనుక్కుంటే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1940లో తీర్పొచ్చింది.

ఇప్పుడు ఇటీవలి ఉదాహరణ ఒకటి దగ్గరగా చూద్దాం. 2016లో వచ్చిన 'హిడెన్ ఫిగర్స్' నాసాలో లెక్కలు కట్టిన నల్లజాతి మహిళల కథ. అందులో అందరికీ గుర్తుండిపోయిన సీను: కాథరిన్ జాన్సన్ బాత్రూముకు వెళ్లాలంటే ఫైళ్లు గుండెకు హత్తుకుని అర మైలు పరిగెత్తాలి, ఎందుకంటే తన భవనంలో నల్లవాళ్లకు బాత్రూము లేదు. ఒకరోజు వానలో తడిసి ముద్దయి తిరిగొస్తుంది. అంతసేపూ ఎక్కడికి పోతున్నావని బాసు గద్దిస్తే ఆఫీసు అందరి ముందూ బద్దలవుతుంది. తర్వాత ఆ తెల్ల బాసు ఇనుపకడ్డీ తీసుకుని, బాత్రూము మీదున్న 'నల్లజాతి స్త్రీలకు' అన్న బోర్డును అందరూ చూస్తుండగా పగలగొడతాడు. హాలంతా ఈలలు.

ఆ బాసు నిజమైన మనిషి కాదు. ఇద్దరు ముగ్గుర్ని కలిపి అల్లిన పాత్ర. ఆ బోర్డు పగలగొట్టిన సంఘటనా జరగలేదు. కాథరిన్ జాన్సన్ స్వయంగా చెప్పిన ప్రకారం, ఆమె అంత దూరం పరిగెత్తలేదు. దగ్గర్లో బోర్డు లేని బాత్రూము ఉంటే దాన్నే వాడుకుంది. ఎవరో అభ్యంతరం చెప్పినా పట్టించుకోలేదు. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరి ఇనుపకడ్డీ కోసమూ ఆగలేదు.

మరీ ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. అదే కార్యాలయంలో 1940లలో భోజనశాలలో ఒక బల్ల మీద 'నల్లజాతి కంప్యూటర్లు' అన్న అట్టముక్క ఉండేది. అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. మిరియమ్ మాన్ అనే గణితజ్ఞురాలు, ఆమె కూడా నల్లజాతి మనిషే, ఒకరోజు ఆ అట్టముక్కను తీసి తన చేతిసంచిలో వేసుకుంది. కొన్నాళ్లకు ఇంకోటి వచ్చింది. అదీ సంచిలోకి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఉద్యోగం ఊడుతుందని ఇంట్లో భయపడ్డా ఆవిడ మానలేదు. చివరికి ఒకరోజు నుంచి అట్టముక్క రావడం ఆగిపోయింది.

సినిమాకు ఇంతకన్నా మంచి సీను ఎక్కడ దొరుకుతుంది? బోర్డు తీసేసిన నల్లజాతి మహిళ చరిత్రలో రెడీగా ఉండగా, బోర్డు పగలగొట్టే తెల్ల బాసును కల్పించారు. ఇందులో కుట్ర ఉందని నేననుకోను. చూస్తున్న తెల్ల ప్రేక్షకుడు హాల్లో నుంచి బయటికి వెళ్లేటప్పుడు తనను తాను ఎవరిలో చూసుకోవాలన్న లెక్క ఉంది. అడ్డుపడ్డవాళ్లలో చూసుకోలేడు కదా. అతనికో ఇనుపకడ్డీ ఇచ్చారు.

న్యాయంగా చెప్పాలంటే అదే సినిమాలో ఇంకో బాత్రూము సీను ఉంది, అది బంగారం. బోర్డులు పోయాక తెల్ల సూపర్‌వైజరూ, నల్ల ఉద్యోగిని డొరతీ వాన్ చేతులు కడుక్కునే చోట కలుస్తారు. నువ్వేమనుకున్నా సరే, నాకు మీమీద ఏ ద్వేషమూ లేదు అంటుంది తెల్లావిడ. నాకు తెలుసు, బహుశా మీరు నిజంగానే అలా నమ్ముతున్నారు అంటుంది డొరతీ. గొంతులో కోపం లేదు. లిండ్నర్‌కు ఎవరూ చెప్పని జవాబు అది.

ఇక కారు. 1990 ఆస్కార్‌లలో ఉత్తమ చిత్రం 'డ్రైవింగ్ మిస్ డైసీ'. ముసలి తెల్లావిడ, ఆమె నల్ల డ్రైవరు, పాతికేళ్ల ప్రయాణంలో ఇద్దరి మధ్య పెరిగిన ఆప్యాయత. 2019లో ఉత్తమ చిత్రం 'గ్రీన్ బుక్'. ఈసారి సీట్లు మారాయి: వెనక నల్లజాతి పియానో కళాకారుడు డాన్ షర్లీ, ముందు ఇటాలియన్ అమెరికన్ డ్రైవరు టోనీ. రెండుసార్లూ నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ సినిమా పోటీలో ఉండీ పక్కకు పోయింది. మొదటిసారి 'డూ ద రైట్ థింగ్'కు ఉత్తమ చిత్రం నామినేషన్ కూడా రాలేదు, రెండోసారి 'బ్లాక్‌క్లాన్స్‌మన్' నామినేషన్ దాకా వచ్చి ఆగింది. ఎవరైనా ఎవరికైనా కారు తోలినప్పుడల్లా నేను ఓడిపోతున్నా అని స్పైక్ లీ ఆ రాత్రే జోకేశాడు. సీట్లు మార్చారు, కథ మాత్రం అదే అన్నది అందులోని ఎత్తిపొడుపు.

'గ్రీన్ బుక్' చూస్తూ నేనూ నవ్వాను. చికెన్ ఎముకలు కారు కిటికీలోంచి విసిరే సీనులో గట్టిగానే నవ్వాను. నటులిద్దరూ అంత బాగా చేశారు. తర్వాతెప్పుడో మళ్లీ చూస్తే కనబడిందేమిటంటే, సినిమా మొదట్లో టోనీ ఇంటికి పనికొచ్చిన ఇద్దరు నల్లవాళ్లు నీళ్లు తాగిన గ్లాసుల్ని అతను చెత్తబుట్టలో పడేస్తాడు. భార్య చూసి వాటిని తీసి పెడుతుంది. సినిమా చివర్లో క్రిస్మస్ ముందురోజు రాత్రి షర్లీ అదే ఇంటికి భోజనానికొస్తాడు. చెత్తబుట్ట నుంచి భోజనాల బల్ల దాకా, కథ నడిచిన దూరం మొత్తం టోనీ ఇంట్లోనే. 1962లో దక్షిణాదిలో షర్లీకి హోటలు గది దొరకదు, తాను కచేరీ చేసే చోటే తినడానికి చోటివ్వరు. అవన్నీ టోనీ మారడానికి ఉపయోగపడ్డ మజిలీలు. షర్లీ తన మేడమీద ఒంటరిగా ఉన్నప్పుడు ఏమాలోచిస్తాడో మనకు చాలా తక్కువ తెలుస్తుంది.

దానికి కారణం కూడా సూటిదే. కథ రాసినవాళ్లలో ఒకరు టోనీ కొడుకు. నాన్న చెప్పిన కథల్ని కొడుకు సినిమాకు రాశాడు. అందులో నాన్నే హీరో అవుతాడు. షర్లీ కుటుంబీకులు మాత్రం ఆ స్నేహాన్ని అలా చూపించడం తప్పని, తమను సంప్రదించలేదని బాహాటంగా అన్నారు. షర్లీ పాత్ర వేసిన మహర్షలా అలీ వాళ్లకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. అప్పటికి షర్లీ, టోనీ ఇద్దరూ లేరు, 2013లోనే పోయారు. ఇక సినిమాకు పేరిచ్చిన అసలు గ్రీన్ బుక్: హార్లెంలో ఉంటూ పోస్ట్‌మన్‌గా పనిచేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన పుస్తకం. నల్లవాళ్లు ఏ ఊళ్లో ఎక్కడ బస చెయ్యొచ్చు, ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ తినొచ్చు అని ఊరూరా చిరునామాలు సేకరించి మూడు దశాబ్దాలపాటు వేశారు. ఆ చిరునామాల వెనక తమ ఇళ్లల్లో గదులిచ్చిన వేలమంది నల్లజాతి మనుషులున్నారు. ఒకరికొకరు అండగా నిలిచిన ఆ లోకమంతా సినిమాలో డాష్‌బోర్డు మీది పుస్తకంగా మిగిలింది.

ఎవరి కళ్లతో చూస్తున్నాం అన్నదానికి ఇంతకన్నా బరువైన ఉదాహరణ దక్షిణాఫ్రికా నుంచి ఉంది. రిచర్డ్ అటెన్‌బరో 1987లో తీసిన 'క్రై ఫ్రీడమ్', నల్లజాతి చైతన్య నాయకుడు స్టీవ్ బీకో, తెల్ల పత్రికా సంపాదకుడు డొనాల్డ్ వుడ్స్‌ల స్నేహం. బీకో 1977 సెప్టెంబరు 12న పోలీసుల కస్టడీలో చనిపోయాడు. సినిమాలో ఆ చావు సుమారు మధ్యలోనే వచ్చేస్తుంది. మిగతా సగం వుడ్స్ వేషం మార్చుకుని లెసోతోకు ఎలా పారిపోయాడన్నది. బీకో పేరు విని వచ్చినవాళ్లు సంపాదకుడి సాహసగాథ చూసి వెళ్లారని అప్పుడే విమర్శలొచ్చాయి, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇక్కడ ఖర్చు లెక్క కాస్త తిరగబడుతుంది. వుడ్స్ నిజంగానే ఉద్యోగం, ఇల్లు, దేశం పోగొట్టుకున్నాడు. 1988లో సెన్సారు అనుమతించాక కూడా దక్షిణాఫ్రికా పోలీసులు హాళ్లలోకి వెళ్లి ప్రింట్లు పట్టుకుపోయారు. బీకో సగమే ఉన్న సినిమాకే అంత భయపడ్డారు. ఇలాంటి సినిమాను పెదవి విరిచి పక్కన పెట్టేముందు ఆ ప్రింట్లు గుర్తొస్తాయి నాకు.

ఈ మూసలోనే పుట్టిన నల్ల పాత్రల్లో ఇంకో బాపతు ఉంది, త్వరగా చెప్పేస్తాను. సొంత ఇల్లూ వాకిలీ, ఆశలూ ఉండవు, అద్భుతశక్తులు మాత్రం ఉంటాయి. తెల్ల హీరో కష్టంలో ఉన్నప్పుడు ప్రత్యక్షమై, గాయం మాన్పి మాయమైపోతాడు. 2000 సంవత్సరం దరిదాపుల్లో ఇలాంటి నల్ల పాత్రలు వరసగా వస్తే స్పైక్ లీ కాలేజీల్లో ప్రసంగిస్తూ ఏకిపారేశాడు. అంత శక్తే ఉంటే తన జనాన్ని కాపాడుకోడేం అన్నది అతని ప్రశ్న.

మరి స్నేహాన్ని నిజాయితీగా చూపించినవాళ్లు లేరా? ఉన్నారు. నాకు ముందు గుర్తొచ్చేది హాలీవుడ్ కాదు, జర్మనీ. ఫాస్‌బిండర్ 1974లో తీసిన 'అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్'. మ్యూనిక్‌లో ఇళ్లూ ఆఫీసులూ తుడిచే అరవయ్యేళ్ల వితంతువు ఎమ్మీ, మొరాకో నుంచి పనికొచ్చిన అలీ. ఇద్దరూ ఒంటరివాళ్లు, పెళ్లి చేసుకుంటారు. సంగతి చెప్పగానే కొడుకు టీవీని తన్ని పగలగొడతాడు. కొట్టువాడు సరుకివ్వనంటాడు, ఇరుగుపొరుగు మొహం తిప్పుకుంటారు. మామూలు సినిమా ఇక్కడ ఆగి, ప్రేమ గెలిచిందని చెప్పి ముగిస్తుంది. ఫాస్‌బిండర్‌కు అసలు కథ ఇక్కడే మొదలు.

కొన్నాళ్లకు అందరూ మంచివాళ్లయిపోతారు. ఎందుకంటే కొట్టువాడికి బేరం కావాలి, పొరుగావిడకు సామాన్లు మొయ్యడానికి బలమైన మనిషి కావాలి, కొడుక్కి తన బిడ్డను చూసుకోవడానికి అమ్మ కావాలి. మనసులు మారలేదు, అవసరాలు వచ్చాయి. వాళ్లు కలుపుకోగానే ఎమ్మీ కూడా వాళ్లలో ఒకతి అయిపోతుంది. తోటి పనివాళ్లు ఇంటికొస్తే అలీ కండలు ఎంత గట్టిగా ఉన్నాయో ముట్టుకుని చూడండంటుంది. వాళ్లు అతని చుట్టూ తిరిగి చెయ్యి నొక్కి చూస్తారు. అతను కుస్‌కుస్ తినాలనుందంటే, ఇక్కడి తిండి అలవాటు చేసుకోవాలంటుంది. అలీని ప్రేమించిన మనిషే అతన్ని సంతలో సరుకులా చూపిస్తోంది, ఆ సంగతి ఆమెకు తెలీదు. కెమెరా కదలదు, నేపథ్య సంగీతం ఏమనుకోవాలో చెప్పదు. వివక్ష వీధి గుమ్మం దగ్గర ఆగదని, మంచివాళ్ల ఇంట్లోకి మంచివాళ్లతోపాటే వస్తుందని అంత నెమ్మదిగా చూపించిన సినిమా ఇంకొకటి నాకు తెలీదు.

ఇక 'డూ ద రైట్ థింగ్'. 1989, బ్రూక్లిన్‌లో ఒకే వీధి, వేసవిలో భరించలేనంత ఎండగా ఉన్న ఒక రోజు. ఇటాలియన్ అమెరికన్ శాల్ పిజ్జా కొట్టు, అక్కడ పిజ్జాలు ఇళ్లకు చేరవేసే నల్ల కుర్రాడు మూకీ. శాల్ పెద్దకొడుకు పీనోకు నల్లవాళ్లంటే పడదు, నోరు తెరిస్తే అదే మాట. ఒకసారి మూకీ అతన్ని సిగరెట్ మెషీను దగ్గరికి లాక్కెళ్లి, నీకిష్టమైన బాస్కెట్‌బాల్ ఆటగాడెవరు అని అడుగుతాడు. మ్యాజిక్ జాన్సన్. సినిమా స్టారు? ఎడీ మర్ఫీ. పాటగాడు? కాస్త నసిగినా అది ప్రిన్స్ అని మూకీ తేల్చేస్తాడు. మరి నువ్వు తిట్టేదీ వీళ్లనే కదా అంటే పీనో తడబడతాడు. వాళ్లు వేరు, వాళ్లు నల్లవాళ్లు కారు, అంటే నల్లవాళ్లే గానీ నిజంగా నల్లవాళ్లు కారు, అంతకు మించినవాళ్లు అంటాడు. 1967లో భోజనానికి పిలిచిన డాక్టరుకు తలుపు తెరిచింది ఈ లెక్కే. పీనో దాన్ని బుకాయించకుండా పైకి అనేశాడు.

శాల్ చెడ్డవాడు కాదు. ఈ వీధి పిల్లలు నా పిజ్జా తిని పెరిగారని గర్వపడతాడు, మూకీని కొడుకులాంటివాడంటాడు. ఆ రాత్రి గొడవలో రేడియో రహీమ్ అనే కుర్రాడు రేడియో సౌండు తగ్గించనంటే, శాల్ బేస్‌బాల్ బ్యాట్ తీసి ఆ రేడియోను బద్దలుకొడతాడు. నోటినుంచి అన్నేళ్లూ రాని తిట్టు ఆ నిమిషంలో వచ్చేస్తుంది. పోలీసులొచ్చి రహీమ్ గొంతుకు లాఠీ అడ్డంపెట్టి నొక్కి చంపేస్తారు. చుట్టూ జనం నిలబడిపోతారు. మూకీ చెత్తడబ్బా ఎత్తి శాల్ కొట్టు అద్దంలోకి విసురుతాడు. కొట్టు తగలబడిపోతుంది.

మూకీ చేసింది సరైన పనేనా అని తెల్ల ప్రేక్షకులు ఏళ్లతరబడి తనను అడుగుతూనే ఉన్నారని, నల్ల ప్రేక్షకుడు మాత్రం ఒక్కడూ అడగలేదని స్పైక్ లీ చెప్పుకున్నాడు. ఒక కొట్టు కాలినదాని గురించి అడిగేవాళ్లున్నారు గానీ, పోయిన ప్రాణం గురించి వాళ్లు అడగరు అన్నది అతని బాధ. 1958 నాటి ఆ రెండు హాళ్లు ముప్పయ్యేళ్లయినా అలాగే ఉన్నాయన్నమాట.

మర్నాడు పొద్దున మూకీ ఆ బూడిద దగ్గరికొస్తాడు. శాల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మూకీ క్షమాపణ చెప్పడానికి రాలేదు, తన వారం జీతం 250 డాలర్లు అడగడానికి వచ్చాడు. శాల్‌కు మండిపోతుంది. జేబులోంచి వంద డాలర్ల నోట్లు తీసి, ఒక్కొక్కటీ ఉండచుట్టి మూకీ గుండెల మీదికి విసురుతాడు. మూకీ తనకు రావలసినదెంతో, ఎక్కువైనదెంతో లెక్క చెబుతాడు. నువ్వుంచుకో అంటే నువ్వుంచుకో అని కాసేపు నోట్లు కిందే పడుంటాయి. ఎండ అప్పుడే మొదలైంది, ఈరోజు ఇంకా మండుతుందట అని వాతావరణం మాట్లాడుకుంటారు. తర్వాత మూకీ వంగి నోట్లు ఏరుకుని, కొడుకును చూడ్డానికి ఇంటిదారి పడతాడు.